నీ తరగతి గోడ మీద నీ పిల్లలు కనబడాలి

అమ్మాయీ,

డీఎస్సీలో నెగ్గి మన ఎ.కొండూరు మండలంలోనే పోస్టింగు తెచ్చుకున్నావు. చాలా సంతోషం. మొదటి జీతంలోంచే తరగతి గదికి చార్టులు, రంగు కాగితాలు, తోరణాలు కొంటానన్నావట. నీ ఉబలాటం ముచ్చటగా ఉంది. ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు ఈ పెద్దవాడి మాటలు కాసిని చెవిన వేసుకో.

మొదటి మాట, గోడంతా నింపకు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. బడిలో చేరే వయసు పిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలతో కిక్కిరిసిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పి చూశారు. ఖాళీ గదిలో విన్న పాఠాలపై ప్రశ్నలకు 55 శాతం సరైన జవాబులు వచ్చాయి. బొమ్మల గదిలో 42 శాతమే. పసివాళ్ల చూపు పాఠం వదిలి గోడల మీదికి పోయింది. అలాగని గోడ బోసిగా వదిలెయ్యమనను. బోర్డు చుట్టూ ఖాళీగా ఉంచు. అలంకరణ పక్క గోడకూ వెనక గోడకూ పెట్టుకో. కిటికీలకు మాత్రం ఏదీ అడ్డం పెట్టకు, గాలీ వెలుతురూ రానీ.

రెండో మాట, కొన్న బొమ్మల కన్నా పిల్లలు గీసిన బొమ్మలు గొప్పవి. గోడకు ఒక తాడు దండెంలా కట్టు, నాలుగు క్లిప్పులు పెట్టు. కింద కూర్చున్న పిల్లవాడికి కూడా అందే ఎత్తులో కట్టాలి సుమా. చక్కగా గీసేవాళ్లవే కాదు, వంతులవారీగా అందరివీ వెయ్యి. రెండు వారాలకోసారి మార్చు. ర్యాంకుల జాబితా మాత్రం ఎన్నడూ అంటించకు. చివరి పేరున్న బిడ్డ ఏడాదంతా దాన్ని చూస్తూ కూర్చోవాలి.

మన దగ్గర తండాల పిల్లలు ఎక్కువ. ఇంట్లో లంబాడీ మాట్లాడి వచ్చి, బడిలో నోరు విప్పడానికి జంకుతారు. గోడ మీద 'అమ్మ' పక్కన లంబాడీలో 'యాడి' అని కూడా తెలుగు అక్షరాల్లోనే రాయించు. మిగతా మాటలు పిల్లల్నే అడుగు, వాళ్లే నీకు నేర్పుతారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. మనం కనీసం ఒక గోడైనా ఇవ్వలేమా? అద్దాలు కుట్టిన లంబాడీ గుడ్డ ముక్క ఒకటి, మన జిల్లాదే అయిన కొండపల్లి బొమ్మ ఒకటి మూలన బల్ల మీద పెట్టు. పిల్లలు ముట్టుకుని చూడాలి.

మన తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో నీకు తెలుసు. అందుకే నీటి పాఠం మనకు ముఖ్యం. దానికి కొన్న చార్టు ఎందుకు? తాగే నీళ్లు ఇంటికి ఎక్కడి నుంచి వస్తున్నాయో పిల్లలనే గీయమను. అయితే జబ్బున్న ఇంటి బిడ్డ నొచ్చుకునేలా మాత్రం ఏదీ రాయకు. భయపెట్టకుండా తెలివిడి కలిగించడమే మన పని.

మహనీయుల పటాలు వరసగా తగిలిస్తే ఎవరి కథా పిల్లలకు తెలియదు. నెలకొక్కరిని పెట్టి, వారి కథ చెప్పు. ఆగస్టు 29న పుట్టిన గిడుగువారిని ఆ నెలలో పెట్టు. జనవరి 3న పుట్టిన సావిత్రిబాయి ఫూలేను జనవరిలో పెట్టి, 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి తెరిచిన సంగతి చెప్పు. అదే గోడ మీద గది ఊడ్చే వంతుల పట్టిక ఉంటుంది కదా, అందులో మగపిల్లల పేర్లూ సమానంగా ఉండాలి. లేకపోతే ఆ పటానికి విలువ లేదు.

నువ్వు నమ్మేదేమిటో నీ గోడను చూసి పిల్లలు ఇట్టే పసిగడతారు తల్లీ. అందరూ సమానమని రాసి, కొందరి బొమ్మలే వేలాడదీస్తే వాళ్లు రాసినదాన్ని నమ్మరు, చూసినదాన్నే నమ్ముతారు. అందుకే ఈ సోమవారం తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్లు మాత్రం కొనుక్కుని వెళ్లు. గోడ మీద ఏముండాలో ముందు పిల్లల్ని అడుగు.