అనుకరణ, అపహాస్యం: ఎనభైల హాస్యచిత్రాల్లో పేరడీ నైతికత

ఒకరిని అనుకరించి నవ్వించడం ఎప్పుడు కళ అవుతుంది, ఎప్పుడు అవమానం అవుతుంది? శృంగారానుకృతియే హాస్యమన్న భరతుడు అనుకరణను హాస్యానికి మూలంలోనే నిలిపాడు. అయితే అనుకరణకు గురైనవారి పట్ల అనుకర్తకు ఉండవలసిన బాధ్యత ఏమిటన్నది రసచర్చ ఒక్కదానితో తేలే విషయం కాదు. ఆ ప్రశ్నను 1980ల నాటి జంధ్యాల చిత్రాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో పేరడీ అనగానే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గుర్తుకు వస్తారు. ఆయన శ్రీశ్రీని అనుకరిస్తే, మూలకవిత తెలిసిన పాఠకుడే పూర్తిగా నవ్వగలడు. మూలాన్ని జ్ఞాపకంలో నిలిపి ఉంచడం పేరడీ మనుగడకే అవసరం. జంధ్యాల కూడా 'అహ నా పెళ్ళంట' (1987), 'వివాహభోజనంబు' (1988), 'చూపులు కలసిన శుభవేళ' (1988) అన్న పేర్లను 'మాయాబజార్' (1957) పాటల నుండే స్వీకరించాడు. వాటిలో మొదటి పాట ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన సందర్భానిది. అంటే అదీ అనుకరణ ఘట్టమే. ఇక్కడ అనుకరణ మూలానికి నమస్కారం.

'అహ నా పెళ్ళంట'లో ధనికుని కుమారుడైన నాయకుడు, ప్రేమించిన యువతి తండ్రి లక్ష్మీపతిని మెప్పించడానికి అతనికన్నా పిసినారిగా నటిస్తాడు. పిసినారితనాన్ని ఎగతాళి చేసేవాడు దాని ఇబ్బందులను తానూ అనుభవించవలసి వస్తుంది. పైగా పిసినారితనం లక్ష్మీపతి ఎంచుకున్న గుణమే కాని, అతనికి పుట్టుకతో వచ్చిన స్థితి కాదు. కనుక ఈ నవ్వును సమర్థించడం సులభం.

శ్రీలక్ష్మి పోషించిన రెండు పాత్రల వద్ద ఈ సులభత్వం నిలవదు. పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారంగా వచ్చిన 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో ఆమె పాత్ర సినిమా కథను టైటిళ్ళతో సహా వినిపిస్తుంది. అక్కడ పేరడీ చేసేది ఆమెయే. నవ్వు ఆమె సినిమా పిచ్చి మీద ఎంత పడుతుందో, సినిమా మూసల మీదా అంత పడుతుంది. 'చంటబ్బాయ్' (1986)లో ఆమె తన కవితలు అచ్చు కావాలని పత్రికా సంపాదకుని వేధించే స్త్రీ. కవిత్వ వ్యామోహం కూడా ఎంచుకున్నదే. అయినా ప్రేక్షకుడు నవ్వుతున్నది చెడ్డ కవిత్వానికా, ఒక గృహిణి రాయాలనుకోవడానికా? శ్రీశ్రీకి తన కవిత్వమే అండ. ఈ పాత్ర పక్షాన నిలిచే మంచి కవిత ఒక్కటీ చిత్రంలో లేదు. గుణమా, స్థితియా అన్న విభజన అవసరమే కాని, అది చాలదు; అనుకరణకు గురైనవారికి బదులు చెప్పే చోటు ఉన్నదా అన్నదీ చూడాలి.

యాస విషయంలో ఈ కొలమానం మరింత అవసరమవుతుంది. ఖమ్మం జిల్లా తల్లాడ వంటి చోట్ల తెలంగాణ పలుకుబడి, కృష్ణా-గోదావరి తీరాల పలుకుబడి ఒకే అంగడిలో వినిపిస్తాయి. అక్కడ ఒకరి మాటను మరొకరు అనుకరిస్తే, ఎదుటివారు వెంటనే తిరిగి అనుకరించగలరు. ఆ నవ్వు సమానుల మధ్యది. అదే యాసను తెర మీద సేవకునికో ప్రతినాయకునికో మాత్రమే కేటాయించినప్పుడు బదులు చెప్పే చోటు మూసుకుపోతుంది. మాట అదే, అనుకరణ అదే, మారినది సంబంధం.

కనుక పేరడీ నైతికతను నవ్వు తీవ్రతతో గాని, అనుకర్త సదుద్దేశంతో గాని నిర్ణయించలేము. ఎనభైల చిత్రాలను ప్రేమించే పరిశోధకుడు వాటి హాస్యాన్ని మెచ్చుకుంటూనే, ఆ నవ్వులో ఎవరికి మాట దక్కింది, ఎవరికి దక్కలేదు అని అడగవలసి ఉంటుంది. ఆ ప్రశ్న హాస్యాన్ని తగ్గించదు. దానిని సాహిత్యంగా గౌరవిస్తుంది.