మరణదండనమును మరలఁ దెచ్చుట ధర్మమా?

ఘోరమైన హత్య యొకటి జరిగినప్పుడెల్ల, ఉరిశిక్ష నెత్తివేసిన దేశములలో దానిని మరల స్థాపింపవలెనను కోరిక ప్రజలలో పుట్టుచుండును. ఆ కోరికను క్రౌర్యమని త్రోసివేయుట తగదు. బిడ్డను పోఁగొట్టుకొన్న తల్లి రోదనమును విన్నవాఁ డెవ్వఁడును, హంతకునిపై జాలి చూపుమని యామెకు బోధింపఁజాలఁడు. ఆమె కోరునది న్యాయము. ఆ న్యాయము ఉరిత్రాటివలన లభించునా యనునదియే మన విచారణకు వచ్చిన విషయము.

ఈ విచారణకు ఇంగ్లండు దేశచరిత్రము మిక్కిలి యుపకరించును. మన నేరవిచారణ పద్ధతి చాలవఱకు అచ్చటినుండి వచ్చినదే గదా. పందొమ్మిదవ శతాబ్దారంభమున అచ్చట రెండువందలకు మించిన నేరములకు మరణమే శిక్ష. రాజా రామమోహన రాయలవారు ఆ దేశమున నున్న కాలముననే, 1832లో, గొఱ్ఱెల దొంగతనమునకు ఉరి తొలఁగింపఁబడినది. అంతకు రెండేండ్లు ముందు బ్యాంకుల యజమానులే ఫోర్జరీ నేరమునకు మరణదండనము వలదని పార్లమెంటునకు మహజరు పంపుకొనిరి. దొంగలపై దయచేత వారట్లు చేయలేదు. దోషియని చెప్పినచో ప్రాణము పోవునని యెఱిఁగిన జూరీలు నేరస్థులను విడిచిపెట్టుచుండుటచే తమ ధనమునకు రక్షణ లేకపోయెనని వారి మొఱ. శిక్ష యెంత భయంకరమైనను, అది పడునను నిశ్చయము లేనిచో దానివలన భయము పుట్టదని ఆ వర్తకులు గ్రహించిరి.

గ్రేటు బ్రిటనులో హత్యకు ఉరిశిక్ష 1965లో అయిదేండ్లపాటు నిలుపఁబడి, 1969లో శాశ్వతముగా తీసివేయఁబడినది. పిమ్మటి దశాబ్దములలో హత్యలు హెచ్చినవన్న మాట నిజమే. దానిని దాఁచిపెట్టి వాదించుట ధర్మము గాదు. కాని ఉరితో సంబంధ మెన్నఁడో తెగిపోయిన దోపిళ్లును, కొట్లాటలును ఆ కాలముననే హెచ్చినవి. కావున దోషమంతయు ఉరి లేకపోవుటకే కట్టుట చెల్లదు.

లెక్కలకు లొంగని విషయ మింకొకటి కలదు. 1950 మార్చి 9వ తేదీన లండనులో తిమోతి ఎవాన్సు అను యువకుఁడు తన పసికూఁతురును చంపెనను నేరమునకు ఉరితీయఁబడెను. అతనికి ప్రతికూలముగా ముఖ్యసాక్ష్య మిచ్చినవాఁడు అదే యింట కాపురమున్న క్రిస్టీ. 1953లో ఆ క్రిస్టీ నివాసమున పెక్కురు స్త్రీల శవములు బయటపడెను. ఎవాన్సు భార్యను చంపినది తానేయని యతఁ డొప్పుకొనెను. 1966లో ఎవాన్సునకు రాజక్షమాపణ మొసఁగఁబడెను. క్షమాపత్రము సిద్ధమయ్యెను గాని దానిని పుచ్చుకొనుటకు మనుష్యుఁడు లేఁడు.

మఱియొక యుదాహరణము. 1974 నవంబరు 21వ తేదీన బర్మింగుహాము నగరమున రెండు పానశాలలలో బాంబులు పేలి ఇరువదియొక్కరు మృతినొందిరి. దేశమంతయు కోపమున నుడికిపోయెను. అట్టి నేరములకు ఉరిని మరల తేవలెనను ప్రతిపాదన మఱుసటి నెలలోనే పార్లమెంటునకు వచ్చి వీఁగిపోయెను. 1975లో ఆ నేరమునకై ఆఱుగురికి యావజ్జీవశిక్ష పడినది. 1991లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసి, పదునాఱేండ్లు చెఱలో మ్రగ్గిన ఆ యాఱుగురిని విడిచిపెట్టెను. నేరమునకు ఉరియే శిక్షయై యుండినచో ఆ దినమున చెఱసాల తలుపు తెఱచి యెవరిని పిలువవలసి యుండెడిది?

ఇది పరదేశపు కథ మాత్రమే యనుకొనరాదు. మన దేశమున ఉరి నేఁటికిని చట్టములో నున్నది. 2009లో మన సుప్రీంకోర్టు ఆఱుగురికి మరణదండనము విధించెను. 2019లో ఆ కోర్టే వారు నిర్దోషులని తీర్పు చెప్పెను. ఈ నడుమ ఉరి యమలు కాకుండుటచేతనే రెండవ తీర్పు వారి చెవిని పడినది.

"సందేహమునకు తావు లేనిచోట మాత్రమే ఉరి విధింతము" అని పెద్దలు కొందఱు చెప్పుదురు. అయ్యా, సందేహమున్నచో దోషియని నిర్ణయింపరాదను సూత్రము పై మూఁడు వ్యాజ్యములలోను ఉన్నదే గదా! ఎవాన్సు నేర మొప్పుకొన్న వాఙ్మూలము కోర్టుయెదుట నుండెను. బర్మింగుహాము కేసులో నలుగురు సంతకము చేసిన యొప్పుకోళ్లుండెను. నిస్సందేహమని తోఁచుట న్యాయాధిపతి మనస్సునకు సంబంధించినది. జరిగినది సర్వసాక్షియైన యీశ్వరునికే సంపూర్ణముగా తెలియును.

సోదరులారా! మేఁకను బలియిచ్చి పాపమును పోఁగొట్టుకొందు ననువానిని చూచి మనము విచారింతుము. నిజమైన పశ్చాత్తాపమును, పాపమును విడుచుటయుఁ దప్ప వేఱు ప్రాయశ్చిత్తము లేదని మన సమాజ మాదినుండి బోధించుచున్నది. హంతకుని ప్రాణమును తీయుటచే అతని పాపము కడుగఁబడునని మన మెట్లు నమ్మఁగలము? అతఁడు పశ్చాత్తప్తుఁడగునో కాఁడో మన మెఱుఁగము; ఆ యవకాశమును ఛేదించు నధికారము మాత్రము మనకు లేదు. ఆ ధర్మమే రాజ్యమునకును వర్తించును. రాజ్యమును పొరపడును. పొరపాటును గుర్తించి, చెఱలో నున్నవాని యెదుట తల వంచి విడిపింపవలసిన దినము రావచ్చును. ఉరి వేసిన రాజ్యమునకు ఆ ప్రాయశ్చిత్త మెన్నఁటికిని దొరకదు.

అట్లని ఆ తల్లిని మఱచుట కూడదు. నిజమైన హంతకుని వెదకి పట్టుట, విచారణను ఏండ్లతరబడి సాగనీయకుండుట, అపాయకరుఁడైన వానిని చెఱలో నుంచి యితరులను కాపాడుట, దిక్కులేని యా కుటుంబమునకు జీవనాధారము కల్పించుట, ఇవి రాజ్య మామెకు పడియున్న ఋణములు. ఉరి నడుగుటకు చేరు సభలు ఈ ఋణములు తీర్పుమని యడుగుటకును చేరవలెను.