సందేహానికీ హేతువు కావాలి

మన దేశంలో ఫ్లోరోసిస్ తొలిసారి వైద్య గ్రంథాలకెక్కిన చోట్లలో పడమటి ప్రకాశం ఒకటి. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ బృందం ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించిన పరిశోధన అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద ఉండేవి. 1970లో అన్నీ ఒక జిల్లా కిందికి వచ్చాయి. గోధుమరంగు మచ్చలు పడిన పళ్లు, కర్రలా బిగుసుకున్న వెన్ను, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సిన మనిషి. ఇదంతా తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ పని అని ఆనాడే తేలింది. అంటే ఇక్కడ కరువు నీళ్లకే గాని రుజువులకు ఎన్నడూ లేదు. మరి ఎంత రుజువు చేతికొస్తే అడుగు వేయాలి? పైకి ఇది ఇంజనీర్ల ప్రశ్నలా ఉన్నా, మన దర్శనకారులు శతాబ్దాల తరబడి దీనితో కుస్తీ పట్టారు.

కంటికి కనిపించిందే ప్రమాణమన్నారు చార్వాకులు. ఫ్లోరైడ్ విషయంలో వాళ్ల దారిన పోతే మొదటి బిందె దగ్గరే ఓడిపోతాం. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. లీటరుకు ఐదు మిల్లీగ్రాములున్న నీళ్లు కూడా గ్లాసులో చూడ్డానికి అలాగే ఉంటాయి. కాబట్టి అనుమాన ప్రమాణం తప్పదు. కొండ మీది పొగను బట్టి నిప్పును ఊహించడం తర్కంలో తొలి పాఠం; మన తెలుగువాడేనని చెప్పుకొనే అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఉన్నది అదే. ఆ పాఠంలోనే ఒక మెలిక ఉంది. నిప్పున్న చోటల్లా పొగ రాదు, కట్టె పచ్చిదైతేనే వస్తుంది. ఇలా మధ్యలో దూరే అంశాన్ని నైయాయికులు ‘ఉపాధి’ అన్నారు. ఇప్పటి వైద్య పరిశోధకులు కారణానికీ రోగానికీ నడుమ మూడోది ఏదైనా ఉందా అని వెతికేది ఇలాంటి దానికోసమే. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ వైపు ఫ్లోరైడ్ పల్లెల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా వంకరపోయిన కాళ్లను గమనించి, తిండి పాత్రను కూడా పరిశీలించారు. జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని తేలింది. దీన్ని పట్టుకుని ‘అయితే నీళ్ల తప్పేమీ లేదన్నమాట’ అంటే, పచ్చికట్టె పేరు చెప్పి నిప్పును వదిలేసినట్టే.

సందేహించే హక్కు అందరికీ ఉంది, హద్దు లేకుండా మాత్రం లేదు. నైయాయికుడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దానికో గీత గీశాడు: నీ సందేహం నీ నడతతోనే ఢీకొన్న చోట అది ఆగిపోవాలి. పొగ కావలసి నిప్పు రాజేసేవాడు ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో అంటే మనం నమ్మనక్కర్లేదు. ఈ గీతను మన సమీక్షా సమావేశాలకు పెట్టి చూడండి. ముందు మూత బిగించిన నీళ్ల సీసా, నోట్లో ‘బోరు నీళ్ల మీద ఇంకో అధ్యయనం కావాలి’ అనే మాట! ఊళ్లో స్తోమత ఉన్న ఇల్లు ఇరవై లీటర్ల టిన్ను ఎప్పుడో కొనుక్కుంది. ఇంకా రుజువు కోసం ఆగాలన్న తీర్పు, కొనలేని ఇంటికి మాత్రమే వర్తిస్తోంది.

చట్టం కూడా పూర్తి నిశ్చయాన్ని అడగదు. వివేకం గల మనిషి, ఆ పరిస్థితుల్లో, ఉందనుకొని అడుగు వేయదగినంత సంభావ్యత ఉంటే ఆ విషయం రుజువైనట్టేనని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమూ ఆ నిర్వచనాన్నే నిలుపుకుంది. క్రిమినల్ కేసులో గీతను పైకి జరుపుతాం, పొరపాటు జరిగితే నిర్దోషి జైలుపాలవుతాడు గనుక. నీళ్ల విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. హైదరాబాదు దాహం తీర్చిన హిమాయత్‌సాగర్ పక్కన నూనె ఫ్యాక్టరీ పెడతామన్న కేసులో, 1999లో సుప్రీంకోర్టు, హాని లేదని చూపించే భారాన్ని ఫ్యాక్టరీ పెట్టేవాళ్ల మీదే ఉంచింది. ఫ్లోరైడ్ పల్లెల మనిషికి మాత్రం రుజువు భారం ఎదుటివాళ్ల మీద పడే ఆ వెసులుబాటు దొరకదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులో వైకల్యం 40 శాతం ఉందని తేలితేనే గుర్తింపు, పింఛను. వంగని వెన్నుకు, లేవని చేతికి శాతం కట్టాలి. ఒక్క మనిషికి డబ్బిచ్చేటప్పుడు కొలత ఉండటం తప్పు కాదు. ఊరికంతటికీ నీళ్లిచ్చేటప్పుడు కూడా ఆ కొలతే పట్టుకు కూర్చోవడం తప్పు.

అరకొర ఆధారంతో పరుగెడితే కీడు జరగదా అంటే, జరుగుతుంది. మన బోర్లే సాక్ష్యం. కలరా, నారికురుపు భయంతో బావులు మాన్పించి చేతిపంపులు వేస్తే, లోతు రాతిపొరల నీళ్లతో ఫ్లోరైడ్ ఇంట్లోకొచ్చింది. అయితే ఆ తప్పు తొందరది కాదు. 1937 నాటి రుజువు చేతిలో ఉంచుకుని, బోరు వేసిన చోట సీసాడు నీళ్లు పరీక్షకు పంపకపోవడంలో ఉంది తప్పు. కిడ్నీ జబ్బుల సంగతి వేరు. వాటికీ ఫ్లోరైడే కారణమన్న మాట ఈ ప్రాంతంలో బలంగా ఉంది గాని, ఎముకల విషయంలో ఉన్నంత రుజువు దానికి లేదు. ఆప్తుడి, అంటే నమ్మదగిన సాక్షి, లక్షణం ఋషికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు. కాబట్టి నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పడానికి రైతు మాట ప్రమాణమే. ఎందుకు మొదలైందో చెప్పడానికి అదొక్కటే చాలదు. కిడ్నీ జబ్బులకు పేరుపడిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి వెతికినా ఒకే కారణం అంటూ తేలలేదు. అయినా హిరమండలం జలాశయం నీళ్లు అక్కడి పల్లెలకు తెచ్చారు. అదే సరైన పని, ఎందుకంటే కారణం వేరే అని రేపు తేలినా ఆ నీళ్ల వల్ల ఎవరికీ నష్టం లేదు.

పడమటి ప్రకాశానికి నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాల్లో రెండోదాన్ని 2024 మార్చిలో ప్రారంభించారు. ఈ నడిమి కాలాన్ని మింగినవి నిధులు, కాంట్రాక్టులు, తవ్వే యంత్రాలు, పునరావాసం. ఫ్లోరైడ్‌పై ఆధారాల కొరత కాదు. డబ్బు లేదంటే ఆ మాట మీద వాదించుకోవచ్చు. మరో అధ్యయనం అడిగేవాళ్లు మాత్రం ముందే కాగితం మీద పెట్టాలి: అంకె 1.5 దాటితే ఏ బోరు మూస్తారు, మర్నాటి నుంచి ఆ వీధికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఏ అంకె వస్తే తమ నిర్ణయం మార్చుకుంటారు.