ద్రాక్షాపాకమూ కాలమూ: రుచినిర్ణయంలో న్యాయవిచారం

ఆలంకారికులు కావ్యపాకాన్ని పండ్లతో పోల్చారు. లోపలా వెలుపలా రసం స్ఫురించేది ద్రాక్షాపాకం. పెంకు పగిలితేగాని అందనిది నారికేళపాకం. ఈ విభజన రసం ఎంత సులభంగా అందుతుందో చెబుతుంది. ఎంతకాలానికి పరిణమిస్తుందో చెప్పదు.

ద్రాక్షే ఇందుకు నిదర్శనం. రీస్లింగ్ ద్రాక్షతో జర్మనీలో చేసే స్వల్పమధురమైన తెల్ల వైన్‌లో లీటరుకు 18 గ్రాముల వరకు చక్కెర మిగలవచ్చు. ఏళ్ల తరబడి నిలవ ఉంటే తాజా పండ్ల వాసన తగ్గి, తేనెనూ కిరసనాయిలునూ తలపించే వాసనలు వస్తాయి. చక్కెర తరగకపోయినా తీపి తగ్గినట్లు తోస్తుంది. మొదటి గుక్కకే తీర్పు చెప్పేవారికి ఆ వాసన దోషం, ఎరిగినవారికి పరిణతి.

కె.సి. కాలువ కింద వరి పండే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు ఈ వివేకం కొత్త కాదు. కొత్త బియ్యం ముద్దవుతుంది. పాత బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది.

పింగళి సూరన నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’ ఇటువంటి ఓర్పునే కోరుతుంది. కలభాషిణి కథకు పూర్తి అర్థం, శిశువైన మధురలాలస పూర్వజన్మవృత్తాంతం చెప్పినప్పుడే తెలుస్తుంది. తొలి పఠనంతోనే దాన్ని క్లిష్టమని తోసిపుచ్చడం రుచిభేదం మాత్రమే కాదు, అన్యాయం కూడా. అయితే పాతదనమే గుణం కాదు. పురుగుపట్టిన బియ్యమూ పాతదే. కాబట్టి సహృదయుని ధర్మం తీర్పు మానుకోవడం కాదు, మలిపఠనం తరువాత తీర్పు చెప్పడం.