పురుడు ఎక్కడ పోసుకుంటే ఏం?

తూంకుంట కొత్త విల్లాల్లో, కూతుళ్ల పురుళ్లకి అమెరికా వెళ్లొచ్చిన అమ్మలున్నారు. తల్లిది తాత్కాలిక వీసా అయి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే బిడ్డకి పౌరసత్వం లేదంది 2025 జనవరి 20 నాటి ట్రంప్ ఉత్తర్వు. అమలుకి ముందే కోర్టులు ఆపాయి. ఈలోగా, నెలలు నిండకుండానే సిజేరియన్ చెయ్యమని అడిగిన భారతీయ స్త్రీల గురించి చదివాం. చట్టం భయం చివరికి ఆడదాని పొట్టమీదే కోత!

మరి మనం? 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టడమే చాలు. తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నాం. 2004 డిసెంబరు నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదనీ చేర్చాం. విదేశంలో పుట్టిన బిడ్డకైతే 1992 డిసెంబరు దాకా తండ్రి పౌరసత్వమే లెక్క, తల్లిది కాదు. డాలస్ మనవడి కోసం కలవరపడే మనం, బాలాపూర్‌లో రోహింగ్యా తల్లులు కన్న బిడ్డలది ఏ దేశమని ఎప్పుడైనా అడిగామా?