తెలియకపోవడం తప్పేనా?

మొన్నటి ఉగాది విందులో పులిహోర వడ్డిస్తుండగా మా బల్ల దగ్గర ఒక మాట వచ్చింది. రూపాయి విలువ మళ్ళీ తగ్గిందనీ, ఇంటికి డబ్బు పంపడానికి ఇదే అదననీ ఒకరన్నారు. అందరమూ సంతోషించాము. కొడుకు దగ్గరికి గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం, "మీకు మంచిదైతే మాకూ మంచిదేనా బాబూ?" అని అడిగారు. బల్ల చుట్టూ నలుగురు డాక్టర్లము, ఇద్దరు ఇంజనీర్లు. ఒక్కరమూ సరిగా జవాబు చెప్పలేకపోయాము.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే అది కష్టమైన ప్రశ్నేమీ కాదు. భారతదేశం వాడే ముడి చమురులో చాలాభాగం, వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి కొనవలసిందే. బేరం చాలావరకు డాలర్లలో. రూపాయి తగ్గితే మనం పంపే వంద డాలర్లకు ఎక్కువ రూపాయలు వస్తాయి, నిజమే. ఆ వెనకాలే పామాయిలు పాకెట్టు ధరా పెరుగుతుంది, సరుకులు మోసే లారీ కిరాయీ పెరుగుతుంది. ఆవిడకు అమెరికాలో కొడుకున్నాడు, సర్దుకుంటారు. అట్లాంటి కొడుకు లేని పొరుగింటావిడ మాటేమిటి?

1991 సంగతి మనలో పెద్దవారికి గుర్తుండే వుంటుంది. మేము అప్పటికి పలక పట్టని వయస్సులో వున్నాము. ఆ యేడు దేశం చేతిలో విదేశీ ద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేని స్థితి వచ్చింది. జూలైలో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకూ, బ్యాంక్ ఆఫ్ జపానుకూ తాకట్టు వెళ్ళింది. తల్లి మెడలో పుస్తెలు కుదువ పెట్టినట్టు బాధపడ్డామని ఆనాటివారు ఇప్పటికీ చెబుతారు. గల్ఫు యుద్ధం, చమురు ధర, ప్రభుత్వపు అప్పులు వంటి కారణాలన్నీ చెబుతారు. ప్రవాస భారతీయులు భారతదేశపు బ్యాంకుల్లో దాచుకున్న డాలరు డిపాజిట్లను ఆ నెలల్లో గబగబా వెనక్కి తీసుకున్నారనేదీ ఆ కారణాల్లో ఒకటి. దాన్ని మాత్రం ఎవరూ చెప్పగా మేము వినలేదు. దాచుకున్నది కాపాడుకోవడం తప్పని ఎవరంటారు? పిల్లల చదువు డబ్బు అది. తీసుకున్నవారిని మేమేమీ అనబోవడం లేదు. మన చెయ్యి కూడా అందులో వున్నదని తెలియకుండా, బంగారం తాకట్టు పెట్టినందుకు ఢిల్లీవారిని మాత్రమే తిట్టామే, అదే మింగుడు పడదు.

"ఆర్థికశాస్త్రం మనకెందుకు, దానికి వేరే పండితులున్నారు" అనే మాట మనలో తరచు వినబడుతుంది. వైద్యం నుంచే ఒక ఉదాహరణ చెబుతాము. 1971లో తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకుల శిబిరాల్లో కలరా చెలరేగింది. బన్‌గావ్‌లో సెలైను సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళను రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పై దాకా వున్న చావులు నాలుగు లోపుకు దిగాయి. పేగుల్లో సోడియం ఎట్లా లోపలికి పోతుందో ఆ తల్లులకు తెలియదు. తెలియనక్కరలేదు కూడా.

పౌరుడికి కావలసిన ఆర్థికశాస్త్రమూ ఆపాటిదే. మా అమ్మమ్మ బడి గడప తొక్కలేదు. అయినా "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకని, ఏడాదికి ఇరవై నాలుగవుతుందని నోటిలెక్కన చెప్పేది. ఆవిడకు కూడా అంతుపట్టని లెక్కలు తర్వాత వచ్చాయి. ఉదాహరణకు పదివేలు అప్పు. వారానికి 230 చొప్పున 50 వారాలు కట్టాలి. మొత్తం 11,500. "నూటికి పదిహేనే" అంటాడు ఇచ్చినవాడు. అబద్ధమనడానికి లేదు. కాని అసలు వారం వారం తిరిగి పోతూనే వుంటుంది గనక, ఆమె చేతిలో సగటున వుండేది అయిదువేల చిల్లర. దానికి 1,500 వడ్డీ అంటే నూటికి ముప్పైకి దగ్గర, అమ్మమ్మ లెక్కలో రెండున్నర రూపాయలు. ఇట్లాంటి అప్పులు ఒక్కో మనిషి పేర మూడు నాలుగు చేరి, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్ళింది. ఆ కాగితాల మీద వేలిముద్ర వేసిన ఆడవాళ్ళకు తెలియకపోవడం తప్పని అనే ధైర్యం మాకు లేదు.

మన సంగతి వేరు. ఇరవయ్యేళ్ళు చదువుకున్నాము. మా మేనమామగారు రిటైరయినప్పుడు వచ్చిన డబ్బు ఒక డిపాజిట్ల కంపెనీలో పెడదామనుకుని మాకు ఫోను చేశారు. "మూడు రూపాయల వడ్డీ ఇస్తారట. నువ్వు డాక్టరువి, నువ్వు చెప్పరా" అన్నారు. ఆసుపత్రిలో రౌండ్ల హడావుడిలో "పెట్టండి మామయ్యా" అన్నాము. నెలకు మూడు రూపాయలంటే రెండేళ్ళకు సొమ్ము రెట్టింపు, పదేళ్ళకు ముప్పై రెట్లు దాటాలి. అంత మిగిలే వ్యాపారం ఈ భూమ్మీద ఏదని ఒక్కమాట అడిగి వుంటే సరిపోయేది. మూడో ఏట కంపెనీ మూతబడింది. అసలు రాలేదు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు; "నీకు మాత్రం ఏం తెలుసులే" అన్నారు. అదే మందు విషయంలో తెలియకుండా "వెయ్యండి" అని వుంటే మా లైసెన్సు వుండేదా?

ఆర్థికవేత్తలకే ఏకాభిప్రాయం లేదు కదా అని మిత్రులొకరు అడ్డు తగిలారు. వైద్యులకు మాత్రం వున్నదా? ఐనా నాడి చూడటంలో పేచీ లేదు. చక్రవడ్డీలోనూ లేదు.

వచ్చే నెల సమావేశంలో భోజనాలయ్యాక ఒక అరగంట ఇవ్వమని కార్యదర్శిగారిని అడిగాము. ఎవరి ఇంటి అప్పు కాగితం వారు తెస్తే కలిసి చదువుదాము. ముందు మాదే తెస్తాము. సంతకం పెట్టి నాలుగేళ్ళయింది, ఇంతవరకూ పూర్తిగా చదవలేదు.