పసివాడికిచ్చిన మాట

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వైపు మస్జిదుల్లో జుమా నమాజు తర్వాత మమ్మల్ని అడిగే మస్అలాలు (ధార్మిక సందేహాలు) చాలావరకు ఫ్యాక్టరీ చుట్టూనే తిరుగుతాయి. డ్యూటీ వల్ల జుమా తప్పిపోతే ఏం చేయాలి? కంపెనీ క్యాంటీన్‌లో మాంసం తినవచ్చా? నైట్ షిఫ్టులో ఉన్నవాడు సహరీ ఎలా చేయాలి? ఎండాకాలం సెలవులు మొదలయ్యాక ఇంకొకటి వీటితో కలుస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ మస్అలాగా అడగరు. చెప్పులు వేసుకుంటూ, సగం నవ్వుతూ చెప్పి వెళ్ళిపోతారు: "ఆదివారం పిల్లల్ని జూపార్కుకు తీసుకెళ్తానన్నాను హజ్రత్, రిలీవర్ రాలేదు, డబుల్ డ్యూటీ పడింది. ఇంట్లో మొహం చూపించలేకపోతున్నాను."

ఆ మాటలో నవ్వు ఎంత ఉన్నా సిగ్గు కూడా అంతే ఉంది. విశ్వాసికి ఉండవలసిన సిగ్గే అది. ఇక్కడ ఎవరూ అడగకుండా మిగిలిపోతున్న ప్రశ్న ఏమిటంటే: నాలుగైదేళ్ళ పసివాడికిచ్చిన మాట షరీఅత్ దృష్టిలో మాటేనా? దానికి అల్లాహ్ వద్ద లెక్క ఉంటుందా? లేక అది ఏడుపు మాన్పించే ఉపాయం మాత్రమేనా?

మన ఇళ్ళలో ఈ సెలవులు ఎలా గడుస్తాయో అందరికీ తెలిసినదే. 2025లో తెలంగాణ బడులకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. అంటే ఏడు వారాలు. పొద్దున్నే మస్జిదులో ఖాయిదా, నాజిరా. పది దాటాక బయటికి అడుగుపెట్టలేని ఎండ. రెండు గదుల అద్దె ఇల్లు, పైన రేకులు, మూలన కూలర్. తండ్రి రాత్రి పదింటికి వెళ్ళి పొద్దున ఆరు తర్వాత వచ్చి పడుకుంటే, "అబ్బా నిద్రపోతున్నారు, అరవకండి" అని తల్లి రోజంతా పిల్లల నోళ్ళు మూయిస్తూ ఉంటుంది. సెలవులు పిల్లలవే అయినా ఆ ఇల్లు పగటి పూట వాళ్ళది కాదు. అందుకే మాటలు ఇవ్వవలసి వస్తుంది. ఇప్పుడు ఊరుకో, ఆదివారం సంగారెడ్డి తీసుకెళ్తాను, మంజీరాలో మొసళ్ళను చూపిస్తాను. ఇప్పుడు ఊరుకో, సాయంత్రం ఐస్‌గోలా కొనిపెడతాను. నానీ వాళ్ళ ఊరికి పోదాం, పండక్కి సైకిలు కొంటాను. ఈ మాటల్లో ఎన్ని నిలబడ్డాయో మనకు గుర్తుండదు. పిల్లలకు గుర్తుంటుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలో ఈ విషయానికి సరిగ్గా సరిపోయే సంఘటన ఒకటుంది. అబ్దుల్లా బిన్ ఆమిర్ (రజి) తమ చిన్ననాటి సంగతిగా దాన్ని ఉల్లేఖించారు. ఒకరోజు దైవప్రవక్త (స) వారి ఇంట్లో కూర్చుని ఉన్నారు. తల్లి ఆ బాలుణ్ణి ఇలా రా, నీకొకటి ఇస్తాను అని పిలిచారు. అతనికి ఏమివ్వాలని అనుకున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పారు. నీవు ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే నీ పేరున ఒక అబద్ధం రాయబడేదని ఆయన (స) హెచ్చరించారు (అబూదావూద్).

ఈ హదీసును మేము మద్రసాలో పాఠంగా చదివినప్పటి కంటే, ఇంట్లో పిల్లలు పుట్టిన తర్వాతే దాని బరువు తెలిసింది. గమనించండి, ఆ తల్లి అబద్ధమాడలేదు. ఇవ్వాలనే పిలిచారు. అయినా ప్రశ్న వచ్చింది. వస్తువు ఒక్క ఖర్జూరం. మదీనాలో ఖర్జూరం కంటే చౌకైనది ఏముంటుంది? ఖర్జూరం చిన్నది కాబట్టి అబద్ధం కూడా చిన్నదే అవుతుందని ఆయన (స) అనలేదు. పిల్లలతో ఆడే అబద్ధానికి వేరే పేరు కూడా పెట్టలేదు. పెద్దవాళ్ళతో ఆడితే ఏ పేరో పిల్లలతో ఆడినా అదే పేరు.

చదువుకున్న సోదరుడొకరు ఇక్కడ ఒక అభ్యంతరం లేవదీయవచ్చు. వాగ్దానాన్ని నెరవేర్చడం ముస్తహబ్ (అభిలషణీయం) అనే కదా ఎక్కువమంది ఫుఖహాలు చెప్పారు, వాజిబ్ అనలేదు కదా అని. నిజమే. అప్పు తీసుకున్నవాణ్ణి ఖాజీ ముందు నిలబెట్టినట్లు మాట తప్పినవాణ్ణి నిలబెట్టలేమని అత్యధికుల అభిప్రాయం. మాలికీ పండితులు మాత్రం, ఒకరి మాట నమ్మి అవతలివాడు ఖర్చులోకో పనిలోకో దిగితే ఆ మాట కట్టుబాటు అవుతుందన్నారు. ఈ చర్చంతా పెద్దల వ్యవహారాల గురించి. పిల్లవాడి విషయానికి వస్తే, వాడు డబ్బు ఖర్చు పెట్టలేదు గాని గల్లీలో ఉన్న తన ఈడు వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. శనివారం రాత్రే మంచి బట్టలు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఐదుసార్లు లేచి తెల్లవారిందా అని అడిగాడు. ఏ ఖాజీ దగ్గరకూ వెళ్ళలేనివాడు వాడు. ఇక్కడ ఖాజీ అడగనిదాన్ని అక్కడ అడిగేవాడున్నాడు. మాట గురించి తప్పకుండా ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్: 34) చెబుతున్నది. ఆ ఆయత్‌లోనే దానికి ముందున్న మాట అనాథల సొమ్ము గురించి కావడం మాకు యాదృచ్ఛికంగా అనిపించదు. తన హక్కును తాను అడిగి తీసుకోలేనివారి ప్రస్తావన పక్కనే మాట ప్రస్తావన వచ్చింది.

మరి రిలీవర్ రాని తండ్రి సంగతి ఏమిటి? గేటు దాటబోతుంటే సూపర్‌వైజర్ ఆపుతాడు. మెషీన్‌ను వదిలి వెళ్ళడానికి వీల్లేదు. కాంట్రాక్టు కార్మికుడైతే ఎదురు చెప్పే ధైర్యం కూడా ఉండదు. అలాంటివాడు కపటి కాదు. మాట ఇచ్చి తప్పడం కపటుల లక్షణాల్లో ఒకటని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉన్న మాట నిజమే. అయితే ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యా ఉలూమిద్దీన్‌లో దీన్ని వివరించారు. మాట ఇచ్చేటప్పుడే నెరవేర్చే ఉద్దేశం లేనివాడికి, కారణం లేకుండా వదిలేసినవాడికి ఆ హెచ్చరిక వర్తిస్తుందని, ఉద్దేశం ఉండీ నిజమైన ఆటంకం వచ్చినవాడు కపటి కాడని అన్నారు. అలా అంటూనే కపటానికి ఉండే రూపం నుండి కూడా తప్పించుకోవాలన్నారు. ఆ రూపాన్నే మన పిల్లలు చూస్తారు. లోపలి ఉద్దేశం వాళ్ళకు కనిపించదు. ఆదివారం వచ్చింది, అబ్బా రాలేదు, అంతే వాళ్ళకు తెలుస్తుంది.

కాబట్టి తప్పిన మాటను తప్పిన రోజాలా చూడాలి. రోజా తప్పితే కజా ఉంది కదా. పొద్దున డ్యూటీ నుండి వచ్చి అలాగే పడుకోకుండా, పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి, ఫలానా కారణం వల్ల రాలేకపోయాను, ఫలానా రోజు వెళ్దాం అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. దానికి బదులు మొబైల్ ఫోను చేతిలో పెట్టి ఊరుకోబెట్టడం కజా కాదు. అది ఇంకో బాకీ. ఇంకొక మాట కూడా చెప్పాలి. కంపెనీలో షిఫ్టు చార్టు ముందే వేస్తారు. చార్టు చూడకుండా మాట ఇచ్చేవాడికి రిలీవర్ మీద నెపం వేసే హక్కు లేదు. వీక్లీ ఆఫ్ సోమవారం ఉన్నవాడు ఆ రోజు జూపార్కుకు తీసుకెళ్తానంటాడు. హైదరాబాదు నెహ్రూ జూపార్కుకు సోమవారమే సెలవు!

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది. అది ఇన్షా అల్లాహ్ అనే పవిత్ర వాక్యానికి మన ఇళ్ళలో పట్టిన గతి. సైకిలు కొంటారా అబ్బా? ఇన్షా అల్లాహ్. రేపు వెళ్దామా? ఇన్షా అల్లాహ్. కొన్నాళ్ళకు పిల్లవాడు ఆ పదానికి అర్థం నేర్చుకుంటాడు. లేదు, కుదరదు, ఇక అడగకు అని. ఇన్షా అల్లాహ్ వద్దు అబ్బా, నిజంగా చెప్పండి అనే పిల్లలను మేము చూశాము. ఆ పిల్లవాడి తప్పేముంది? అల్లాహ్ పేరు వినబడగానే ఆశ వదులుకోవాలని వాడికి నేర్పింది ఎవరు?

రేపు ఫలానా పని చేస్తానని అల్లాహ్ తలిస్తే అన్న మాట కలపకుండా చెప్పవద్దని సూరా కహఫ్‌లో (23, 24) ఆదేశం ఉంది. ఖురైషులు అడిగిన ప్రశ్నలకు రేపు సమాధానం చెబుతానని దైవప్రవక్త (స) అన్నారనీ, ఇన్షా అల్లాహ్ అనకపోవడం వల్ల వహీ కొన్ని రోజులు ఆగిందనీ తఫ్సీర్ గ్రంథాల్లో ఉల్లేఖనం ఉంది. అంటే చేయాలన్న గట్టి సంకల్పం ఉన్నవారికే ఆ మాట నేర్పబడింది. చేసే ఉద్దేశం లేనివాడికి ఇన్షా అల్లాహ్‌తో పనేముంది? ప్రమాణం చేస్తూ దానితోపాటే ఇన్షా అల్లాహ్ అన్నవాడికి, ఆ ప్రమాణం నెరవేరకపోయినా కఫ్ఫారా లేదన్న ఫిఖ్హ్ నియమం చాలామందికి తెలుసు. ఆ వెసులుబాటును ఇంట్లో పిల్లల మీద వాడుకునే తెలివిని మాత్రం ఏ ఇమామూ నేర్పలేదు.

ఈ ప్రాంతంలో ఉన్నవారికి ఆ వాక్యం అసలు అర్థం వేరే చెప్పనవసరం లేదు. 2025 జూన్ 30న, బక్రీద్ అయిన మూడు వారాలకు, పాశమైలారంలోని ఒక ఔషధ సంబంధిత కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది దూర రాష్ట్రాల నుండి వచ్చిన వలస కార్మికులు. పొద్దున షిఫ్టుకు వెళ్ళినవారు. సాయంత్రం ఇంటికి వస్తానన్న మాట కూడా అల్లాహ్ తలిస్తేనే. ఆ భయంతో, ఆ ఆశతో పలికే ఇన్షా అల్లాహ్ ఒకటి. చొక్కా పట్టుకున్న పిల్లవాణ్ణి విదిలించుకోవడానికి పలికేది ఒకటి. రెంటికీ అక్షరాలు ఒకటే.

అందుకని మాట ఇవ్వడమే మానేయాలా? కొందరు తండ్రులు అలాగే చేస్తారు. మాట ఇవ్వకపోతే తప్పే పనే లేదు కదా అంటారు. అది తప్పించుకోవడమే. పిల్లలకు సంతోషం కలిగించడం కూడా వాళ్ళ హక్కుల్లోనిదే. ఈద్ రోజున మస్జిదులో హబషీలు ఈటెలతో ఆడుతుంటే, హజ్రత్ ఆయిషా (రజి) తృప్తిగా చూసి ఇక చాలని అనుకునేదాకా దైవప్రవక్త (స) ఆమెకు అడ్డుగా నిలబడి ఉన్నారు (బుఖారీ). ఎంతసేపన్నది నిలబడినవారు కాదు, చూస్తున్నవారు నిర్ణయించారు. మన చేతిలో ఉన్నంతే మాట ఇద్దాం. జూపార్కు మన చేతిలో లేకపోవచ్చు. డ్యూటీ నుండి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన ముంజలు కొని తేవడం మన చేతిలో ఉంది. ఇషా తర్వాత మిద్దె మీద చాప వేసి పావుగంట కూర్చోవడం మన చేతిలో ఉంది. తల్లులు కూడా అబ్బా వచ్చాక తీసుకెళ్తారని వారి తరపున మాట ఇచ్చేయకూడదు. వారు ఇవ్వని మాటకు వారిని బాకీపడేలా చేయడం న్యాయం కాదు.

ఇక బక్రీద్ సంగతి. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజుల దాకా తక్కువ కాబట్టి పండుగ ఏటా వెనక్కి జరుగుతుంది. 2024లో జూన్ 17న, బడులు తెరిచాక వచ్చిన పండుగ 2025లో జూన్ 7న, సెలవుల్లోనే వచ్చింది. రాబోయే ఒకటి రెండేళ్ళూ సెలవుల్లోనే వస్తుంది. అంటే ఖుర్బానీ పొట్టేలును వారం పది రోజుల ముందే సంత నుండి తెస్తే పిల్లలకు బడి ఉండదు. రోజంతా దానితోనే. రెమ్మలు విరిచి తెచ్చి తినిపిస్తారు, నీళ్ళు పెడతారు, పేరు పెడతారు. పండుగ రోజు సాయంత్రం అది ఏదని అడిగితే, తాడు తెంపుకుని పోయిందనో, ఊరికి పంపించామనో పెద్దలు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. ఆ ఖర్జూరం హదీసు ఇక్కడ కూడా వర్తిస్తుందని వారికి తోచదు.

ఏ సంఘటన జ్ఞాపకార్థం ఆ పొట్టేలును తెచ్చామో ఆ సంఘటననే చూడండి. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తమ కొడుకుతో విషయం దాచలేదు. కలలో చూసినదాన్ని ఉన్నదున్నట్లు చెప్పి, నీ అభిప్రాయమేమిటో ఆలోచించి చెప్పమని అడిగారు (అస్సాఫ్ఫాత్: 102). దైవాజ్ఞ అమలు చేయవలసిన తండ్రి పిల్లవాణ్ణి మాయమాటలతో కొండ దగ్గరికి తీసుకెళ్ళలేదు. దానికి కొడుకు ఇచ్చిన జవాబులో ఇన్షా అల్లాహ్ ఉంది. అల్లాహ్ తలిస్తే తాను సహనం వహిస్తానని ఆ బాలుడు మాట ఇచ్చి, ఆ మాట మీద మెడ వాల్చాడు. ఖుర్ఆన్ మరోచోట (మర్యమ్: 54) హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం)ను వాగ్దానం నిలబెట్టుకున్నవానిగా ప్రశంసించడానికి ఈ మాటే కారణమని కొందరు ముఫస్సిరులు రాశారు.

మూడేళ్ళ పాపకు అంతా విడమరచి చెప్పాలని మేము అనడం లేదు. ఆ ఆయత్‌లో కూడా కొడుకు తండ్రితోపాటు తిరిగే వయసుకు వచ్చాకనే ఆ సంభాషణ జరిగిందని ఉంది. ఆరేడేళ్ళు దాటినవాడికి మాత్రం తెలియాలి. ఇది అల్లాహ్ పేరున తెచ్చినదని, దీని మాంసంలో బీదవారికి భాగం ఉందని, ఆ పొట్లాలు తీసుకెళ్ళి ఇచ్చే పని వాడిదేనని చెప్పాలి. చూడనంటే బలవంతం చేయకూడదు. ఏడిస్తే ఏడవనివ్వాలి, వెక్కిరించకూడదు. ఇదంతా పొట్టేలును ఇంటికి తెచ్చి గుంజకు కట్టిన రోజే చెప్పాలి. పండుగ ముందు రాత్రి కాదు.